కనకాంబరాలు ఎందుకు ఎండిపోయాయి

మీ ఇంట్లో ఈమధ్యే పెద్దమనిషైన ఆడపిల్ల ఉందా? ఉంటే, నెలలో కొన్ని రోజులు ఆ పిల్ల పెరట్లో ఏ మొక్కకి ఎంత ఎడంగా నడుస్తోందో ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. నేనూ చూడలేదు. మైల, అంటు అనే మాటల మీద ఏళ్ళ తరబడి వేదికలెక్కి వాదించినదాన్ని, పత్రికల్లో రాసి తిట్లు తిన్నదాన్ని, నా సొంత మనవరాలి విషయంలో మాత్రం బాగా ఆలస్యంగా మేలుకున్నాను.

నేనుండేది తెనాలిలో. నా కూతురి కాపురం రేపల్లెలో. ఆ ఇంట్లో కూతురు, అల్లుడు, మనవరాలు, అల్లుడి తల్లి ఉంటారు. అల్లుడి తల్లిని నేను వదినగారూ అంటాను. ఆవిడా నన్ను అలాగే పిలుస్తుంది. ఇద్దరిదీ దాదాపు ఒకే ఈడు. నాకు దేవుడు లేడు, ఆవిడకి చాలామంది ఉన్నారు. అయినా మాకు బాగా పడుతుంది. ఇద్దరికీ వాదించడం ఇష్టం, ఇద్దరికీ మొక్కలంటే ప్రాణం. ఉదయం టిఫిన్ దగ్గర మొదలుపెట్టిన వాదన మధ్యాహ్నం కూరలు తరిగేటప్పటికి కూడా తెగేది కాదు. నా కూతురు ఆఫీసుకి వెళుతూ, "మీ ఇద్దరికీ మైకులు పెట్టించమంటారా?" అని అడిగేది.

మా ఇద్దరికీ కలిసిన మొక్క కనకాంబరం. ఇది మన నేల మొక్క. ఓడలెక్కి వచ్చింది కాదు. ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. మోకాలెత్తు పెరిగి, నిగనిగలాడే ఆకుల మధ్య పచ్చటి కంకులు వేసి, ఆ కంకుల కింద నుంచి పైకి పువ్వులు విచ్చుకుంటూ పోతుంది. వాసన లేదు. వాసన లేని పువ్వు పూజకి పనికిరాదనేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ పువ్వు మీద ఇష్టం పెరగడానికి అదీ ఒక కారణం. దేవుడికి అక్కరలేదంటే పూర్తిగా ఆడవాళ్ళదే కదా. జడలో పెట్టుకుంటే మర్నాటికి కూడా వాడదు.

వదినగారి పుట్టిల్లు బాపట్ల దగ్గర కర్లపాలెం. అక్కడి పెరటి నుంచి ఒక తొలకరికి నారు తెచ్చి రేపల్లె ఇంటి ప్రహరీ వెంట మడి కట్టి నాటింది. మరుసటి వేసవికి ఆ మడి నిండా పూసింది. అరటినారతో మాలలు కట్టి ఒకటి తనకి, ఒకటి కోడలికి, ఒకటి మనవరాలికి. నేను వెళితే నెరిసిన నా ముడికి కూడా ఒక మూర. "నాస్తికుల ముడికి కూడా బాగానే నిలుస్తుందండీ" అనేది.

ఆ వేసవిలోనే నా మనవరాలు పెద్దమనిషైంది. ఫంక్షన్ చెయ్యొద్దని నేను పట్టుబట్టాను, చెయ్యలేదు. నా పని అయిపోయిందనుకుని తెనాలి వచ్చేశాను.

శ్రావణంలో మళ్ళీ రేపల్లె వెళ్ళాను. రైలు దిగి ఇంటికొచ్చేసరికి పెరట్లో మడి బోసిగా ఉంది. కనకాంబరాలు సగానికి పైగా, గోడవైపువైతే దాదాపు అన్నీ, ఎండి పుల్లలై నిలబడ్డాయి. మిగిలినవి తలలు వాల్చాయి. మనవరాలు బడి నుంచి వచ్చాక, "ఆ పక్కన నాలుగు కరివేపాకు రెబ్బలు తుంచుకురా తల్లీ" అన్నాను.

"నువ్వే కోసుకో అమ్మమ్మా."

అలా అనే పిల్ల కాదు. బద్ధకమేమో అనుకున్నాను. కాసేపటికి బావి గట్టు మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్ళింది. పెరటి మధ్య నుంచి నేరుగా వెళ్ళొచ్చు. అది గోడకి ఆనుకుని, పావడా కుచ్చిళ్ళు దగ్గరికి లాక్కుని, ఒక్క ఆకు కూడా తగలకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడూ అంతే.

పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. చాలాసేపు ఏం లేదంది. తర్వాత చెప్పింది. బడిలో ఏదో కార్యక్రమం ఉన్న రోజు, తొందరలో, తనకి ఆ రోజులని మర్చిపోయి మడిలో పువ్వులు కోసిందట. నాయనమ్మ చూసిందట. ఏమీ అనలేదట. తర్వాత మొక్కలు వాడటం మొదలైందట.

"నా చెయ్యి పడింది, అందుకే పోయాయి" అంది. ఎవరో అన్నారని చెప్పినట్టు లేదు. లెక్కల్లో జవాబు చెప్పినట్టు చెప్పింది.

"సరే, మరి ఇవాళ నీకు ఆ రోజులు కావుగా. కరివేపాకు ఎందుకు కొయ్యనన్నావు?"

"ఎప్పుడొస్తుందో తెలీదుగా అమ్మమ్మా. ముందే తగిలితే?"

అదండీ సంగతి. కొన్ని రోజుల నిషేధం నెలంతా పాకింది. ఆ పిల్ల తన చేతుల్లో విషముందని నమ్మింది. బడిలో పిల్లలంతా మొక్కలు నాటితే కడుపునొప్పని చెప్పి తరగతిలో కూర్చుందని తర్వాత తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా వంటింట్లోకి వెళ్ళాను.

"పిల్లకి ఏం నూరిపోశారండీ వదినగారూ?"

ఆవిడ వంకాయలు కోస్తోంది. తలెత్తలేదు. "నేనేం నూరిపోయలేదండి. మా అమ్మ నాకు చెప్పింది, నేను దానికి చెప్పాను. తిట్టానా, కొట్టానా? పువ్వు కోసింది, చెట్టు పోయింది. మీరు తెనాలిలో ఉన్నారు. నేనిక్కడ చూశాను."

"రేపల్లె నీళ్ళు ఉప్పన. అందుకు పోయింది."

"అవే నీళ్ళు మందారానికీ పోస్తున్నాం. అది గోడ దాటింది."

"ఎండకి మాడి ఉంటుంది."

"శ్రావణమాసంలో ఎండేంటండీ, గొడుగు లేకుండా రైలు దిగారా మీరు?"

"ఆడదాని ఒంట్లో జరిగే మామూలు పనికి మొక్కలు చచ్చేటట్టయితే, పొలాల్లో నాట్లేసే ఆడవాళ్ళు ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుంటున్నారా? ఈ డెల్టాలో ఒక్క గింజ పండేదా?"

"వరి వేరు, పువ్వుల మొక్క వేరు. నన్నెందుకండీ అంటారు, పక్కింటి టీచరమ్మ ప్రతి ఆదివారం చర్చికి వెళుతుంది, ఆవిడ కూడా కూతుర్ని మల్లెపాదు దగ్గరికి రానివ్వదు. పోయి ఆవిడతో వాదించండి." అప్పుడు తలెత్తింది. "సభల్లో చప్పట్లు మీకే వదినగారూ. చచ్చిన మొక్కలు మాత్రం నాకు."

మనవరాలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. మొక్క ఎందుకు చచ్చిందో నాకు తెలీదని ఆ పిల్లకి అర్థమైంది.

వాదనకి లొంగనిది పరీక్షకి లొంగుతుందని నాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. పరీక్ష పెడదామన్నాను. మడిలో రెండు వరుసలు. ఒక వరుస వదినగారిది, మడి కట్టుకుని పోసినా సరే, ఆవిడ ఇష్టం. రెండో వరుస మనవరాలిది. అన్ని రోజులూ తనే నీళ్ళు పొయ్యాలి, తనే కలుపు తియ్యాలి, తనే పువ్వులు కొయ్యాలి. ఆ రోజుల్లో మరీ ముఖ్యంగా.

వదినగారు నిజాయితీ గల మనిషి. ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది.

"నారు మా కర్లపాలెం నుంచే తెస్తాను. దాని మట్టితో సహా తెస్తాను. పుట్టింటి మట్టి లేకపోతే మొక్క బెంగపెట్టుకుంటుంది."

"మొక్కకి బెంగేంటండీ?"

"మీకు లేదా ఏంటి? ఇప్పటికీ తెనాలి నీళ్ళు లేకపోతే కాఫీ రుచించదంటారు."

నాకూ ఒక షరతు ఉంది. "పాత మడిలోనే నాటాలి. వేరే చోట నాటితే, రేపు మొక్క బతికినా అది చోటు మహిమంటారు మీరు."

ఆవిడ షరతు ఆవిడ ఆచారం. నా షరతు నా న్యాయబుద్ధి. రెండూ కలిసి ఆ పిల్లని గోతిలోకి తోశాయని అప్పుడు మాకిద్దరికీ తోచలేదు.

వరుసని ఎంచుకోమంటే మనవరాలు గోడవైపుది ఎంచుకుంది. వీధిలోంచి చూస్తే కనపడదని. మొదటిసారి ఆ రోజుల్లో నీళ్ళు పోసినప్పుడు నేను ఫోనులో వీడియోలో ఉన్నాను. చెంబు దూరంగా పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, నిప్పు మీద నీళ్ళు చల్లినట్టు పోసింది. రెండో నెల కాస్త దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత కంకులు వచ్చాయి. మొదటి పువ్వులు కోసి తనే మాల కట్టి, ఫోను ముందు జడ తిప్పి చూపించింది. నా వాదన గెలుస్తోందని నేను తెనాలిలో అందరికీ చెప్పుకున్నాను. రాయడానికి వ్యాసం కూడా సిద్ధం చేసుకుంటున్నాను.

చలి తగ్గే రోజుల్లో ఒక ఉదయం ఫోను వచ్చింది. పిల్ల మొహం కనపడలేదు. మొక్క కనపడింది. ఆకులు పచ్చదనం పోయి వేలాడుతున్నాయి. ఫోను మెల్లగా పక్కకి జరిగింది. దాని వరుసంతా అలాగే ఉంది. ఇంకా పక్కకి జరిగితే నాయనమ్మ వరుస నిటారుగా ఉంది.

"చూశావా అమ్మమ్మా" అంది. ఫోను పెట్టేసింది.

రేపల్లె రైల్లో కూర్చున్నంతసేపూ నాకు అదే ఆలోచన. ఇంతకు ముందు ఆ పిల్లది వట్టి నమ్మకం. ఇప్పుడు నేను పెట్టించిన పరీక్షలో, నా కళ్ళ ముందు, అది రుజువైంది. ఇంక జీవితంలో ఎవరు చెప్పినా వింటుందా? దారిలో నర్సరీలో నాలుగు మొక్కలు కొని, ఎవరూ చూడకుండా మార్చేస్తేనో అని కూడా ఒక ఆలోచన వచ్చింది. అబద్ధాన్ని ఇంకో అబద్ధంతో కొడితే నేను మిగిలేదేముంది అనుకుని దాన్ని పక్కకి నెట్టాను.

వదినగారు గేటు దగ్గరే ఎదురొచ్చింది. గెలిచిన మొహం కాదది. "ఇంక చాలండీ వదినగారూ. దాని చేత ఇంక పోయించకండి. నేను గెలిచానని చెప్పట్లేదు. రెండు రోజులుగా అది సరిగా అన్నం తినట్లేదు. నేను చూడలేకపోతున్నాను."

మనవరాలు మెట్ల మీద కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతుల్నే చూస్తోంది.

నేను మడి దగ్గర కూర్చున్నాను. మట్టి వేలితో పొడిచి చూస్తే లోపల తడిగానే ఉంది. తడిలో ఉన్న మొక్క ఎందుకు వాడుతుంది? ఇంత రాసినదాన్ని, ఇంత వాదించినదాన్ని, చచ్చిన మొక్కని పీకి చూడాలని కిందటి శ్రావణంలో తోచలేదు నాకు. ఇప్పుడు తోచింది. ఒక మొక్కని పీకాను. బకెట్లో ముంచి మట్టి కడిగాను.

వేళ్ళు నున్నగా లేవు. పొడుగునా ముడులు. ఆవగింజంతవి కొన్ని, జొన్నగింజంతవి కొన్ని, పూసలు గుచ్చినట్టు.

"వదినగారూ, ఇలా రండి."

ఆవిడ వచ్చి వంగి చూసింది. ముడిని గోటితో గిల్లింది. "మినుము వేళ్ళకి బుడిపెలుంటాయి, అవి గిల్లితే ఊడొస్తాయి. ఇవి ఊడట్లేదు. వేరు తానే ఉబ్బిందండీ." ఇంకో ముడి కూడా గిల్లి చూసి మెల్లగా అంది, "మా ఊళ్ళో వంగనారుకి ఇది వస్తుంది. మా నాన్న అలాంటి మడిలో మళ్ళీ వంగ వెయ్యనిచ్చేవాడు కాదు."

"మరి కనకాంబరానికి రాదనుకున్నారా?"

"వంగ పీకి చూస్తాం. పువ్వుల మొక్కని ఎవరు పీకుతారండీ?"

నేను ఆవిడ వరుస వైపు చూశాను. అడగలేదు. నిండుగా పూసి ఉన్న మొక్కలవి. అడిగి పీకించడానికి నాకు నోరు రాలేదు. ఆవిడే లేచి వెళ్ళి, తన వరుసలో నడిమి మొక్కని, కంకులు ఊగుతుండగా, రెండు చేతులా పట్టుకుని పీకింది. కడిగింది. ముడులు. తక్కువే, చిన్నవే, కానీ అవే ముడులు.

"ఏమే, ఇలా రావే" అని మనవరాలిని కేకేసింది. "నా దాంట్లోనూ ఉన్నాయి చూడు."

పిల్ల రెండు మొక్కల వేళ్ళనీ పక్కపక్కన పెట్టి చూసింది. నమ్మాలని ఉంది, ధైర్యం చాలట్లేదు. "మరి నావే ముందు ఎందుకు వాడాయి?" అంది. మంచి ప్రశ్న. నాయనమ్మకి తగ్గ మనవరాలు. మా ఊహలు చెప్పి ఒప్పించే రోజులు పోయాయని, ముగ్గురం మర్నాడే రెండు మొక్కలనీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బాపట్ల బస్సెక్కాం. అక్కడ వ్యవసాయం పాఠాలు చెప్పి రిటైరైన ఒకాయన నాకు తెలుసు.

ఆయన వరండాలో బల్ల మీద తెల్ల కాగితం పరిచి, ముడిని సూదితో చీల్చి, భూతద్దం మా పిల్ల చేతికిచ్చారు.

"ఏం కనపడుతోందమ్మా?"

"తెల్లగా చిన్న ముత్యంలా ఉందండి."

"అదే నులిపురుగు, ఆడది. వేరులో కూర్చుని రసం తాగేస్తుంది. పైకి నీళ్ళు ఎక్కవు. తడిలో నిలబడే మొక్క దాహంతో చస్తుంది. కనకాంబరానికి ఇది మామూలే. నారు ఎక్కడిది?"

"కర్లపాలెం" అంది వదినగారు. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఇసక నేల. దీనికి పండగే. మట్టితో సహా తెచ్చారా? ఇంకేం, పురుగుని ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. పాత మొక్కలు చచ్చిన చోటే నాటారా?"

"నేనే నాటమన్నానండి" అన్నాను. "పిల్ల వరుసే ముందు వాడింది, ఎందుకు?"

"పాతవి ఎక్కువగా ఎక్కడ చచ్చాయి?"

"గోడవైపు."

"మరి పురుగు కూడా అక్కడే ఎక్కువ ఉంటుంది కదండీ."

మనవరాలు భూతద్దం దించలేదు. "ఇది మా ఇంటికి ఎప్పుడొచ్చి ఉంటుందండి?"

"మొదట వేసిన నారుతోనే వచ్చి ఉంటుంది. ఎప్పుడు వేశారు?"

"కిందటేడు కాదు, అంతకు ముందు తొలకరికి" అంది వదినగారు.

పిల్ల భూతద్దం బల్ల మీద పెట్టింది. "అంటే నేను పెద్దదాన్ని కాకముందే."

ఆయనకి అర్థం కాలేదు. "ఏంటమ్మా?" అన్నారు. నేను నోరు తెరిచాను. నా కంటే ముందే వదినగారు పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. "అవునే. కాకముందే. చాలా ముందే" అంది.

ఆ మాట నేను అన్నా పిల్ల వినేదేమో. ఆవిడ అనడం వేరు. ఇన్నేళ్ళ వాదనల్లో ఎదుటివాళ్ళ నోరు మూయించిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. ఎదుటి మనిషి తనంతట తనే నోరు తెరిచి నిజం చెప్పడం మాత్రం ఇదే చూడటం. గుండెల మీద నుంచి బండ దిగినట్టైంది. గెలిచానని కాదు. ఆ పిల్ల తన చేతుల్ని చూసుకోవడం మానేసింది, అందుకు. బస్టాండులో మిరపకాయ బజ్జీలు కొనమని తనే అడిగింది. తిన్నది. బస్సులో నాయనమ్మ భుజం మీద వాలి నిద్రపోయింది.

"ఇంతకీ పందెం ఎవరు గెలిచినట్టండీ?" అంది వదినగారు.

"ఎవరూ గెలవలేదు. మీ మట్టీ నా షరతూ కలిసి రెండు వరుసల్నీ చంపాయి."

"ఓడిపోయే వేళకి పందెమే చెల్లదంటారు మీ హేతువాదులు" అంది. పిల్ల లేస్తుందని ఇద్దరం నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాం.

తర్వాత చెయ్యాల్సిన పని చేశాం. ఎండిన కంకులు దాచి, మొక్కలన్నీ పీకి తగలబెట్టాం. మడి తిరగేసి వేసవి ఎండకి ఎండబెట్టి, వేపచెక్క కలిపి, ఆ పురుగుకి పడని బంతి ఒక పంట వేశాం. విత్తనంలో నులిపురుగు ఉండదని బాపట్లలో చెప్పారు కనక ఈసారి నారు జోలికి పోలేదు. కనకాంబరం ఎండు కంకి మీద నీళ్ళు చల్లితే కాయలు టపటపా పేలి విత్తనాలు ఎగురుతాయి. మనవరాలు పళ్ళెం నిండా కంకులు పెట్టి, నీళ్ళు చిలకరించి, మొహం మీదకి ఎగిరి పడుతుంటే కళ్ళు మూసుకుని కూర్చుని కిలకిలా నవ్వింది. విత్తింది అది. మొలకలు పలచన చేసింది అది. నెలలో ఏ రోజున ఏం చేసిందో ఎవరూ లెక్క పెట్టలేదు.

వదినగారు పూర్తిగా మారిపోయిందని రాస్తే అది నేను కల్పించినట్టే. తులసికోట దగ్గర ఇంకా పాత పద్ధతే. దాని మీద వాదన నడుస్తోంది. కానీ కర్లపాలెంలో తమ్ముడికి ఫోను చేసి, "మొక్కలు వాడితే మీ కోడల్ని అనకండిరా, వేరు చూడండి" అని చెప్పడం నేను విన్నాను.

మొన్న వెళ్ళేసరికి మడి మళ్ళీ నిండింది. ఉదయం కాఫీ తాగుతుంటే వదినగారు వంటింట్లోంచి కేకేసింది, "ఒసే, ఇవాళ నీకు కడుపులో నొప్పిగా ఉందన్నావుగా, మడికి నీళ్ళు నే పోస్తాలే, పడుకో."

"నొప్పి తగ్గింది నాయనమ్మా. నేనే పోస్తా."

"అయితే గోడ పక్కన కూడా పొయ్యి, నిన్న పొయ్యలేదు."

అంతే. ఆ ఇంట్లో ఇప్పుడు ఆ రోజుల గురించి జరిగే మాట అంతే.

ఇంక మీ సంగతి. శుభ్రత కోసం పెట్టారండీ, విశ్రాంతి కోసం పెట్టారండీ అని నాకు పాఠాలు చెప్పకండి. విశ్రాంతి కావాలంటే ఇవ్వండి, ఎవరు వద్దన్నారు? దానికి నీ నీడ పడితే మొక్క చస్తుందని అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ అబద్ధం మొక్క దగ్గర ఆగదు. పిల్ల ఒంట్లోకి వెళ్ళి ముడులు వేస్తుంది. మీరు నమ్మకపోయినా, చూసీ చూడనట్టు ఊరుకున్నా, ఆ నేరంలో మీకు భాగముంది. లేవండి. మీ పిల్లని పిలవండి. పెరడు లేకపోతే బాల్కనీలో కుండీ చాలు. తనకి ఆ రోజులైతే మరీ మంచిది. నీళ్ళ చెంబు తన చేతికివ్వండి, నీ చెయ్యి తగిలి ఏ మొక్కా చావదని ఇంట్లో అందరూ వినేటట్టు మీ నోటితో చెప్పండి. రేపటికి వాయిదా వెయ్యకండి, ఈ పూటే చెయ్యండి.